గాలానికి దొరికినా పులుసుకు దొరకవు

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో హెర్ట్‌ఫర్డ్ ఈస్ట్ రైలెక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. టాటెన్‌హామ్ హేల్ దాటాక ఇళ్ల వెనక గోడలు తప్పుకుని గట్లు మొదలవుతాయి. గట్ల వెనక మంచినీటి జలాశయాలు, ఆపైన గోదాములు, హైటెన్షన్ కరెంటు స్తంభాలు, పాత ఇనుము కొట్లు. వీటి సందుల్లోంచి ఒక ఏరు మనతో పాటే వస్తూ ఉంటుంది. దాని పేరు లీ. లూటన్ ఊరి పక్కన పుట్టి తూర్పు లండన్‌లో థేమ్స్‌లో కలిసే దాకా 68 కిలోమీటర్లు. మన లెక్కలో వాగుకు ఎక్కువ, నదికి తక్కువ.

శనివారం పొద్దున ఈ రైల్లో కొందరు వేరుగా కనిపిస్తారు. భుజాన మనిషంత పొడుగు సంచి. ఒక చేతిలో పెట్టె, మూత వేస్తే అదే కుర్చీ. ఇంకో చేతిలో మూతకు సన్నటి బెజ్జాలున్న ప్లాస్టిక్ డబ్బా. ఆ డబ్బాలో ఏముందో పక్కవాళ్లు అడగరు, వీళ్లు చెప్పరు. చెబితే పక్క సీటు ఖాళీ అవుతుంది. వీళ్లంతా చేపలకు వెళ్తున్నారు. సాయంత్రం ఇదే రైల్లో తిరిగొస్తారు, సంచుల్లో ఒక్క చేపా ఉండదు. దొరక్క కాదు. దొరికినవన్నీ నీళ్లలోనే వదిలేసి వస్తారు. నేనూ ఈ బాపతులో చేరి చాలా కాలమైంది.

ఇంగ్లండులో మంచినీటి చేపలకు రెండు కులాలున్నాయి. సాల్మన్, ట్రౌట్ పై కులం. ఈకలతో, దారాలతో కట్టిన ఉత్తుత్తి ఈగలను నీళ్ల మీద విసిరి ఎస్టేట్ల దొరలు పట్టే చేపలవి. మిగతావన్నీ కోర్స్ చేపలు: రోచ్, బ్రీమ్, టెంచ్, చబ్, పెర్చ్, పైక్, బార్బెల్, కార్ప్. ఇవి మురుగు కాస్త కలిసిన నీళ్లలో, ఫ్యాక్టరీ గోడ పక్కన కాలువల్లో కూడా బతుకుతాయి. కాబట్టి డాకుల్లో బరువులు మోసేవాళ్లకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఆదివారం పూట అందుబాటులో ఉన్న చేపలు ఇవే. వాటిని పట్టే సరదాను కోర్స్ ఫిషింగ్ అంటారు. లండన్ కార్మికవాడలకు లీ నది అలాంటి ఆదివారాల అడ్డా.

ఈ కింది కులంలో మన చుట్టాలున్నారు. బార్బెల్, కార్ప్ మన బొచ్చె, శీలావతి, మోసుల కుటుంబానివే. కార్ప్ అయితే చుట్టం కూడా కాదు, సాక్షాత్తూ మన బంగారు తీగ. హైదరాబాద్ రాంనగర్ మార్కెట్లో తూకం వేసి ముక్కలు కొట్టించుకునే ఆ చేపే ఇక్కడ రాజభోగాలు అనుభవిస్తోంది. అది ఇంగ్లండుకూ స్థానికం కాదు, మనకూ కాదు. మధ్యయుగాల్లో తినడానికని చెరువుల్లో పెంచుకోవడం కోసం ఇక్కడికి తెచ్చారు. మన దేశానికి 1939లో సిలోన్ నుంచి నీలగిరి కొండలకు వచ్చింది. ఒకచోట కూరగానే ఉండిపోయింది, ఇంకోచోట ముద్దుపేర్లు పెట్టి పిలిపించుకుంటోంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఈ రైలు దారికి ఓ సాహిత్య చరిత్ర ఉంది. 1653లో ఐజాక్ వాల్టన్ అనే ఆయన ‘ద కంప్లీట్ యాంగ్లర్’ అనే పుస్తకం అచ్చువేశాడు. లండన్‌లో వ్యాపారం చేసి మానుకున్న మనిషి, అప్పటికి అరవై ఏళ్లు. దేశంలో అంతర్యుద్ధం జరిగి, రాజు తల నరికి నాలుగేళ్లయింది. అటువంటి రోజుల్లో ఆయన చేపలు పట్టడం గురించి రాశాడు. పుస్తకం మొదట్లో మే నెల పొద్దున చేపలవాడు టాటెన్‌హామ్ గుట్ట ఎక్కుతూ తోటి బాటసారులను కలుస్తాడు. కబుర్లు చెప్పుకుంటూ లీ నది వెంట హాడ్స్‌డన్, వేర్ ఊళ్ల వైపు నడుస్తారు. ఇప్పుడు రైలు వెళ్లేది కూడా అటే. నాలుగు శతాబ్దాలు కావస్తున్నా ఆ పుస్తకం అచ్చు ఆగలేదు. చేపల పుస్తకం అంటారు గానీ, తీరుబడిని ఎలా అనుభవించాలో చెప్పే పుస్తకం అది.

వాల్టన్‌కు ముందే, 1496లో, గాలం వేట మీద ఇంగ్లీషులో ఒక చిన్న గ్రంథం అచ్చయింది. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చెబుతారు. కార్ప్ ప్రస్తావన అందులోనే ఉంది. అయితే వీళ్లెవరూ పట్టిన చేపను వదిలేయమనలేదు. వాల్టన్ చబ్ చేపను ఎలా కాల్చాలో, పైక్ పొట్టలో ఏమేం కూరాలో నోరూరేలా రాశాడు. వదిలేయడమన్నది చాలా ఇటీవలి ముచ్చట. విక్టోరియా రాణి కాలంలో లండన్ క్లబ్బుల వాళ్లు చచ్చిన చేపలను మూటగట్టి తెచ్చి పబ్బులో తూచి బహుమతులు ఇచ్చుకునేవాళ్లు. పెద్దది దొరికితే లోపల గడ్డి కూరి అద్దాల పెట్టెలో గోడకు తగిలించేవాళ్లు. అటువంటి పెట్టెలు కొన్ని పాత పబ్బుల్లో ఇంకా ఉన్నాయి. కిందటి శతాబ్దంలో ఈ అలవాటు మెల్లగా తిరగబడింది.

ఎన్‌ఫీల్డ్ లాక్ స్టేషన్‌లో దిగితే ఏరు నాలుగడుగుల దూరం. ఇక్కడ లీ రెండుగా చీలుతుంది. ఒకటి పడవలు నడిచే తిన్నని కాలువ, రెండోది వంకరటింకర పాత ఏరు. ఈ మధ్యలో ఉన్న లంకలో బ్రిటిష్ సర్కారు తుపాకుల కార్ఖానా ఉండేది. తెలుగువాడికి ఈ చోటు పరాయిది కాదు. 1857 తిరుగుబాటుకు నిప్పుపెట్టిన కొవ్వు పూసిన తూటాలు ఎన్‌ఫీల్డ్ తుపాకీవే. మన పోలీసు కానిస్టేబుళ్లు దశాబ్దాల పాటు భుజాన మోసిన త్రీ నాట్ త్రీ కూడా లీ ఎన్‌ఫీల్డే. అందులో లీ అంటే ఈ నది కాదు, ఆ తుపాకీ యంత్రాంగం తయారుచేసిన జేమ్స్ ప్యారిస్ లీ. నది పేరూ ఆయన పేరూ కలవడం యాదృచ్ఛికం. ఇక రెడ్డిచ్ ఊళ్లో ఓ సైకిళ్ల కంపెనీ ఈ కార్ఖానాకు విడిభాగాలు అందించే కాంట్రాక్టు సంపాదించి, ఆ గర్వంతో ఎన్‌ఫీల్డ్ పేరు పెట్టుకుంది. అదే మన బుల్లెట్ బండి. కార్ఖానా 1988లో మూతపడింది. ఇప్పుడక్కడ ఇళ్లు కట్టారు. కార్ఖానా గోడ పక్కన నీళ్లలో రోచ్ చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి.

నేను ఎక్కువగా కూర్చునేది ఈ చుట్టుపక్కలే. ముందు డబ్బా మూత తీయాలి కాబట్టి అందులో ఏముందో చెప్పేస్తాను: పురుగులు. మాంసం మీద పెద్ద నీలి ఈగలు పెట్టిన గుడ్ల నుంచి వచ్చే తెల్ల పురుగులు. చేపల సామాను అమ్మే కొట్లో వీటికి ప్రత్యేకంగా ఫ్రిజ్ ఉంటుంది. దేశమంతా లీటర్లకు మారినా బీరు, పాల మాదిరే పురుగులనూ ఇంకా పింటు లెక్కనే కొలుస్తారు. తెల్లవి, ఎర్ర రంగు అద్దినవి, రెండూ కలిపినవి ఉంటాయి. చల్లగా ఉంచకపోతే అవి గట్టిపడి గోధుమ రంగు గుళ్లలా మారతాయి. అలా మారినా నష్టం లేదు, రోచ్‌కు అవి ఇంకా ఇష్టం. ఆ దశా దాటితే మాత్రం ఈగలే. పురుగుల డబ్బాకు వంటింటి ఫ్రిజ్‌లో చోటివ్వని ఇల్లాళ్లు ఇంగ్లండు నిండా ఉన్నారు. వాళ్లలో చేరడానికి మా ఆవిడకు ఎంతోసేపు పట్టలేదు.

గాలం మన ఊళ్లలో చూసినదాని కన్నా చాలా చిన్నది. ఇక్కడ నంబరు పెరిగేకొద్దీ గాలం తగ్గుతుంది. 18, 20 నంబర్లు చూడాలంటే నా వయసువాడికి కళ్లజోడు కావాలి. పురుగుకు ఒక కొస సన్నగా, ఇంకో కొస మొద్దుగా ఉంటుంది. మొద్దు కొసన చర్మం అంచుకు మాత్రమే గాలం గుచ్చాలి. లోతుగా గుచ్చితే పురుగు చప్పబడిపోతుంది, చప్పబడిన పురుగును చేప ముట్టదు. తర్వాత బెండు. మన పల్లెల్లో జీలుగ బెండు ముక్కో, నెమలి ఈక కాడో కడతారు కదా. ఇక్కడా నెమలి ఈక కాడతో చేసిన బెండ్లు పాతకాలం నుంచి ఉన్నాయి, తేలికగా ఉండి నిలువుగా నిలబడతాయని. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌వి వాడుతున్నారు.

బెండు నీళ్లలో సరిగ్గా నిలవాలంటే దారానికి చిన్న చిన్న గుండ్లు నొక్కాలి. ఒక్కో గుండు నొక్కేకొద్దీ బెండు మునుగుతుంది. చివరికి ఎర్రటి కొన వడ్లగింజంత మాత్రం పైన కనిపించాలి. ఆ కాస్తే కనిపిస్తే చేప ముక్కుతో తడిమినా తెలుస్తుంది. రోచ్ కొరికితే కొన టక్కున మునిగి పైకొస్తుంది. అప్పుడే లాగాలి, ఆలస్యమైతే పురుగు తొక్క మిగులుతుంది. పెర్చ్ మింగితే బెండు తొందర లేకుండా ఏటవాలుగా లోపలికి పోతుంది. బ్రీమ్ సంగతి తమాషా. అది అడుగున తలకిందులుగా మేసి, ఎరను నోట్లో పెట్టుకుని తల ఎత్తుతుంది. దాంతో గుండు బరువు బెండు మీద పడదు. బెండు మునగడానికి బదులు పైకి లేచి నీళ్ల మీద పడుకుంటుంది. కొత్తవాళ్లు ఏమీ జరగలేదనుకుని చూస్తూ కూర్చుంటారు.

ఈ లోగా అయిదారు నిమిషాలకోసారి గుప్పెడు పురుగులను ఉండేలుతో బెండు చుట్టూ కొడుతూ ఉండాలి. ఎక్కువ కొడితే చేపల కడుపు నిండుతుంది, తక్కువ కొడితే పక్కవాడి దగ్గరికి పోతాయి. గాలం వేటలో నేర్పంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. సామాను కంపెనీలు మాత్రం నేర్పు ఖరీదైన కర్రలో ఉందని నమ్మిస్తుంటాయి. పదహారు మీటర్ల కార్బన్ కర్రలు వచ్చాయి. వాటికి రీలు ఉండదు, ఏటికి అవతలి గట్టు దాకా చాచి ఎరను సరిగ్గా అనుకున్న చోట దింపుతారు. నిజానికి ఈ రీలు లేని పొడుగు కర్ర పద్ధతి కొత్తదేం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలోనే థేమ్స్, లీ నదుల మీద లండన్ వాళ్లు వెదురు కర్రలతో రోచ్‌ను ఇలాగే పట్టేవాళ్లు.

ఓ రోజు టాటెన్‌హామ్ లాక్ దగ్గర కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతుంటే వెనక నుంచి పిలుపు వినిపించింది.

“అన్నా, తెలుగా?”

గుంటూరు వైపు కుర్రాడు. ఈస్ట్ హామ్‌లో నలుగురితో కలిసి అద్దెకుంటూ ఎమ్మెస్సీ చదువుతున్నాడట. అప్పుడే ఒక పెర్చ్ పడింది. ఒంటి మీద నల్ల పట్టీలు, ఎర్ర రెక్కలు, వీపు మీద ముళ్ల తురాయి, పట్టుకోబోతే గుచ్చుకుంటుంది.

“కూరకు బాగుంటుందా అన్నా?”

“బాగుంటుందంటారు. నేను తినలేదు.”

“ఏం?”

“వదిలేస్తాం తమ్ముడూ.”

“వదిలేయడానికా ఇంత సామాను?”

చేతులు తడుపుకుని, చేపను పట్టుకుని, సన్నటి ప్లాస్టిక్ పుల్లతో గాలం తీసి నీళ్లలో వదిలాను. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు ఊడిపోయి జబ్బు చేస్తుంది. జారిపోకుండా గాలం కొనలో ఎదురు ముల్లు ఉంటుంది చూడండి, అది లేని గాలాలే చాలాచోట్ల తప్పనిసరి. ఇవన్నీ ఆ కుర్రాడికి చెప్పాను. అంతా విని, “అంత జాలి ఉంటే పట్టకుండా ఉండొచ్చు కదన్నా” అన్నాడు.

ఆ కుర్రాడి ప్రశ్న స్విట్జర్లాండులో చట్టం. వదిలేసే ఉద్దేశంతోనే చేపను పట్టడం క్రూరత్వమని ఆ దేశం 2009 నుంచి నిషేధించింది. తినడానికైతే పట్టు, లేకపోతే గాలం వేయకు అన్నది అక్కడి లెక్క. మా నాయనమ్మా అలాగే అనేది. గాలం గుచ్చుకుంటే చేపకు ఏమీ కాదని చెప్పేవాళ్లను నేను నమ్మను. ఇది సరదా కోసం చేసే పనే, పుణ్యం కాదు. అయితే ఈ సరదా వల్ల ఈ ఏటికి జరిగిన మేలు వేరే ఉంది, అది లెక్కలోకి రావాలి.

1948లో జాన్ ఈస్ట్‌వుడ్ అనే న్యాయవాది గాలం వేటగాళ్లతో ఒక సంఘం పెట్టాడు. నదుల్లోకి విషం వదిలేవాళ్లను కోర్టుకు లాగడమే దాని పని. అప్పట్లో కాలుష్యం మీద సర్కారు చట్టాలు బలహీనం. కానీ ఏటి ఒడ్డున చేపలు పట్టే హక్కు ఒక ఆస్తి. ఆ ఆస్తిని పాడుచేస్తే దావా వేయొచ్చు. డెర్బీ ఊళ్లోని చేపల క్లబ్బు ఒకటి ఇలాగే కోర్టుకెక్కింది. అవతల ఉన్నది చిన్నాచితకా వాళ్లు కాదు: బ్రిటిష్ సెలనీస్ అనే కృత్రిమ పట్టు దారాల కంపెనీ, డెర్బీ మునిసిపాలిటీ, ప్రభుత్వ విద్యుత్ సంస్థ. ఫ్యాక్టరీ వ్యర్థాలు, పట్టణం మురుగు, విద్యుత్ కేంద్రం వేడి నీళ్లు, అన్నీ కలిసి డెర్వెంట్ నదిని చంపేశాయని వాదన. 1952లో అప్పీలు కోర్టులోనూ క్లబ్బే గెలిచింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఆ కేసును ఇప్పటికీ చదువుతారు. ఆ సంఘం వారసత్వం ఇప్పుడు ఫిష్ లీగల్ పేరుతో నడుస్తోంది.

మన చెరువుల్లో ఓ పొద్దున చేపలు తెల్లగా తేలితే నష్టం మత్స్య సహకార సంఘానిది, ఫొటో పేపర్ వాళ్లది, కారణం ఎవరిదీ కాదు. ఆ పోలిక మనసులోకి రాకుండా ఈ కేసు చదవడం కష్టం.

లీ శుభ్రంగా ఉందని అనను. టాటెన్‌హామ్ దగ్గర కలిసే పిమ్స్ బ్రూక్ అనే పాయ నగరం రోడ్ల కడుగునంతా మోసుకొస్తుంది. పెద్ద వాన పడితే కింది భాగంలోకి మురుగు పొంగేది. దానికోసం ఆబీ మిల్స్ నుంచి బెక్టన్ దాకా దాదాపు ఏడు కిలోమీటర్ల సొరంగం తవ్వి 2016లో ప్రారంభించారు. ఎగువకు వెళ్లేకొద్దీ నీళ్లు తేటపడతాయి. చెష్‌హంట్, బ్రాక్స్‌బర్న్ ప్రాంతంలో ఆనకట్టల కింద సుడులు తిరిగే నీళ్లలో బార్బెల్ ఉంటుంది. నాలుగు మీసాలు, బంగారు రంగు ఒళ్లు, రాళ్లలో మేత వెతికే కింది నోరు. బక్కపలచని చేపలా కనిపిస్తుంది గానీ గాలం పడితే కర్ర విరిచేంత బలం. మన కొండ నదుల మహసీర్‌కు దగ్గర బంధువు. మహసీర్ కోసం పిచ్చెక్కిన ఇంగ్లీషు దొరలకు మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లోనే ‘ద రాడ్ ఇన్ ఇండియా’ రాసిపెట్టాడు. దొరల వేటలో ఈటెలు, తుపాకులతో పాటు గాలం కర్ర కూడా ఓడల్లో మన దేశానికి వచ్చింది.

హంసల ముచ్చట కూడా ఇక్కడిదే. లీ మీద హంసలు ఎక్కువ, మన మోకాళ్ల దగ్గరికొచ్చి రొట్టె అడుగుతాయి. గాలం దారానికి నొక్కే గుండ్లు ఒకప్పుడు సీసంవి. తెగిపోయిన దారాలతో అవి అడుగున పడేవి. హంసలు మేత అరగడానికి గులకరాళ్లు మింగుతాయి, వాటితో పాటు సీసం గుండ్లూ మింగి మెడలు వాల్చేసి చచ్చేవి. పాలనూ నీళ్లనూ వేరుచేస్తుందని మనం చెప్పుకునే పక్షికి సీసాన్నీ గులకరాయినీ వేరుచేయడం చేతకాలేదు. 1987లో చిన్న సీసం గుండ్లను నిషేధించారు. ఆ తర్వాత హంసల సంఖ్య కోలుకుంది. మొదట్లో వేటగాళ్లు గొణిగారు, ఇప్పుడు ఆ గుండ్ల పేరెత్తేవాడు లేడు.

బంగారు తీగ రాజభోగం గురించి చెబుతానన్నాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్ కట్టుకోవడానికి ఈ లోయ నిండా కంకర తవ్వారు. గుంతలు నీళ్లతో నిండి చెరువులయ్యాయి. 1967 నుంచి ఇదంతా లీ వ్యాలీ రీజనల్ పార్కు. ఈ చెరువుల గట్టున ఆకుపచ్చ గుడారాలు కనిపిస్తే అవి కార్ప్ వాళ్లవే. మంచం, పొయ్యి, దుప్పట్లతో వచ్చి రాత్రిళ్లు అక్కడే ఉంటారు. కర్రలను స్టాండు మీద పెట్టి పడుకుంటారు. చేప దారం లాగితే ఎలక్ట్రిక్ బజర్ మోగుతుంది. ఆ బజర్‌ను తయారుచేసింది ఇక్కడికి దగ్గర్లోని హిచిన్ ఊరి ఇంజినీరు రిచర్డ్ వాకర్. ఆయనే 1952 సెప్టెంబరులో హెర్ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌మైర్ చెరువులో 44 పౌండ్ల కార్ప్‌ను పట్టాడు, మన లెక్కలో 20 కిలోలు. దాన్ని కోయలేదు. లండన్ జూకు ఇచ్చాడు. క్లారిస్సా అని పేరు పెట్టుకుని అది చాలా ఏళ్లు అక్కడి అక్వేరియంలో బతికింది. దాని రికార్డు 1980 దాకా చెదరలేదు. కార్ప్‌లకు పేర్లు పెట్టడం అప్పటి నుంచి మామూలైపోయింది.

కార్ప్ కోసం చేసే ఎరలు అచ్చం వినాయక చవితి ఉండ్రాళ్లు. పిండి, చేపల పొడి, కోడిగుడ్డు కలిపి గుండ్రంగా చుట్టి ఉడకబెడతారు. స్ట్రాబెరీ వాసనవీ ఉన్నాయి. ఆ ఉండను గాలానికి గుచ్చరు. గాలం కింద వెంట్రుక లాంటి సన్నటి దారానికి వేలాడదీస్తారు. కార్ప్ అనుమానం మనిషి, నోట్లో వేసుకుని గట్టిగా తగిలితే ఊసేస్తుంది. ఉండ విడిగా ఉంటే అనుమానపడదు, ఊసేటప్పుడు గాలం పెదవికి తగులుకుంటుంది. 1980 ప్రాంతంలో ఈ పద్ధతి కనిపెట్టినప్పుడు నిజంగానే తలవెంట్రుక వాడారు. పట్టాక చేపను మెత్తటి పరుపు మీద పడుకోబెడతారు, మీద నీళ్లు పోస్తుంటారు, గాలం దిగిన చోట యాంటిసెప్టిక్ రాస్తారు. ఒక ఫొటో, ఒక తూకం, తర్వాత రెండు చేతులతో నీళ్లలోకి. నాకు ఈ కార్ప్ కొలువు పెద్దగా నచ్చదు. మూడు రోజులు గుడారంలో పడుకుని బజర్ కోసం ఎదురుచూడటంలో బెండు చూసే ఆనందం లేదు.

చలికాలం పైక్‌ది. పొడుగు ముట్టె, నోటి నిండా వెనక్కి వంగిన పళ్లు, మన కొరమీను మాదిరే కలుపులో దాక్కుని దూకే జాతి. చచ్చిన చేపను ఎరగా వేస్తారు. ఆ ఎర ఏదో తెలిస్తే కోస్తావాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది: కానగంతలు. పులుసుకు సరిపడా కానగంతలు కొని, పైక్‌కు పెట్టి, దాన్ని వదిలేసి ఖాళీ చేతులతో ఇంటికి రావడం! ఈల్ పడితే మాత్రం జాగ్రత్తగా వదలాలి, అంతరించిపోతున్న జాతి. ఎక్కడో అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో పుట్టి ఈ ఏట్లోకి వచ్చే చేప అది. దాన్ని ఉడికించి జెల్లీలా పేరబెట్టి తినడం తూర్పు లండన్ పాత రుచి.

కొత్తగా ఈ దేశం వచ్చిన మనవాళ్లు గాలం వేయాలనుకుంటే కొన్ని సంగతులు తెలుసుకుని వెళ్లండి. 13 ఏళ్లు నిండిన ప్రతివారికీ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లైసెన్సు ఉండాలి. 16 ఏళ్ల వరకు ఉచితమే, అయినా తీసుకోవాలి. లేకుండా పట్టుబడితే జరిమానా 2,500 పౌండ్ల దాకా పోవచ్చు. లైసెన్సు డబ్బు నదులు, చేపల బాగోగులకే వెళుతుంది. లైసెన్సు ఒక్కటే చాలదు. గట్టు ఏ క్లబ్బుదో, ఏ సంస్థదో కనుక్కుని రోజు టికెట్ తీసుకోవాలి. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలం, నదుల్లో కోర్స్ చేపలకు గాలం వేయకూడదు. 1878లో షెఫీల్డ్ ఎంపీ ముండెల్లా తెచ్చిన చట్టంతో మొదలైన పద్ధతి ఇది. తినాలనిపిస్తే చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది: నదిలో రోజుకు 20 సెంటీమీటర్ల లోపు చిన్న చేపలు పదిహేను, 65 సెంటీమీటర్ల లోపు పైక్ ఒకటి. కానీ చాలా క్లబ్బులు అదీ ఒప్పుకోవు. హక్కుదారు అనుమతి లేకుండా చేపను సంచిలో వేసుకుంటే అది దొంగతనమే. చెరువుల్లో అయితే మరీ జాగ్రత్త. మీ సంచిలో పడిన కార్ప్‌కు ఇంకొకరు పేరు పెట్టుకుని ఉండొచ్చు.

చేపల కూర మీద మనసైతే బిల్లింగ్స్‌గేట్ మార్కెట్ ఉంది, తెల్లవారుజామున వెళితే మంచి సరుకు దొరుకుతుంది. ఏటి ఒడ్డుకు వేరే పని మీద రండి. మొదటిసారి వచ్చేవాళ్లు జూన్ 16 పెట్టుకోవద్దు, ఆ రోజు మంచి చోట్లన్నీ తెల్లారకముందే నిండిపోతాయి. ఆ తర్వాతి వారంలో ఓ మంగళవారం వచ్చి, ఎన్‌ఫీల్డ్ లాక్‌లో దిగండి.